ఉప్పుకోట కాపలావాడు

మేడ మీది గది,
జనవరి 9

మెట్లు కట్టే మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. చాలా ఏళ్లుగా వాడకుండా ఉంచినవి, పనిచేస్తాయన్న హామీ లేదు.

మీ కంపెనీ పంపిన కవరు అందింది. పదకొండు పేజీలు. నా "ఉప్పుకోట" కంప్యూటరు ఆటను కొత్త హంగులతో మళ్లీ విడుదల చేస్తారనీ, తయారుచేసినవాడిగా నేను ఏప్రిల్ నెలాఖరులోగా సంతకం పెట్టాలనీ పదకొండో పేజీలో తేలింది. మొదటి పది పేజీల్లో ఏముందో రాసినవాడికీ తెలిసి ఉండదు. కింద సంప్రదించవలసిన మనిషిగా నిన్ను వేశారు. మామయ్య మెత్తబడతాడని కాబోలు.

సంతకం పెడతాను. డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి. నా ఆటను మనుషుల చేతుల్లో ఇంకొక్కసారి చూడాలని నాకూ ఉంది. ఈ మాట మీవాళ్లకు చెప్పకు, బెట్టు సడలుతుంది. ఒక్కటే షరతు. ఆటలో దేన్నీ ముట్టుకోకూడదు. కాపలావాడిని అసలు ముట్టుకోకూడదు. కొత్త సంగీతం వద్దు. బాణం గుర్తులు వద్దు. గుర్రాలు వద్దు. ఎవరూ ఏడవకూడదు.

గుర్రాల సంగతి ఎందుకంటే, మా కింద వాటాలో ఉండే పళ్ల డాక్టరు మొన్న నన్ను పిలిచి, "చూడండి సార్, ఈ కాలం ఆటలు ఎక్కడికి వెళ్లిపోయాయో" అని ఒకటి చూపించాడు. నలభై నిమిషాలు చూశాను. గుర్రానికి చెమట పట్టింది. ఆ చెమట మీద ఎండ మెరిసింది. బాగుంది. ఆ తర్వాత ఒక నిచ్చెన వచ్చింది. నిచ్చెనకు పసుపు రంగు వేశారు. పైన బాణం పెట్టారు. పక్కనున్న మనిషి "ఆ నిచ్చెన ఎక్కితే బాగుంటుందేమో" అన్నాడు. డాక్టరు ఎక్కాడు. నిచ్చెన ఎక్కినందుకు తెర మీద పతకం ఇచ్చారు. పళ్లు పీకే మనిషికి నిచ్చెన ఎక్కడం రాదనుకున్నారా మీవాళ్లు? ఇంత చేసి ఆ గుర్రం వెళ్లేది ఎక్కడికంటే ఇంకో పసుపు నిచ్చెన దగ్గరికి.

ఆ గుర్రం తోకలో ఒక్క వెంట్రుకకు చాలనంత చోటులో నేను ఒక కోట కట్టాను. రంగులకు చోటు లేక తెలుపు ఒక్కటే మిగిలితే ఉప్పుతో కట్టిన కోట అన్నాను. గుమ్మం దగ్గర కాపలావాడిని పెట్టాను. నువ్వు వెళ్తే అడ్డుకుంటాడు. కత్తి తెచ్చినా, తాళంచెవి తెచ్చినా అడ్డుకుంటాడు. విసుగెత్తకుండా పదహారోసారి వెళ్తే, వాడు నిన్ను చూసి, ఏమీ అనకుండా రాతి మీద కూర్చుంటాడు. నువ్వు లోపలికి నడిచిపోతావు. ఈ ఒక్క క్షణం మీద ఎందరు వ్యాసాలు రాశారో తెలుసా? "యంత్రానికి దయ నేర్పినవాడు" అన్నారు నన్ను. అదే ఏడాది ఆకాశం నుంచి పడే రాళ్లను కాల్చే ఆటలు వరసగా తొమ్మిది చేసిన మహానుభావుడు ఒకడున్నాడు. రాకెట్టు అని పిలిచేవాళ్లం. వాడికి ఇప్పుడు ఎక్కడో శిలావిగ్రహం పెడతారట. రాళ్లతోనే పెట్టమను.

నువ్వు రెండేళ్లుగా మెట్లు మాత్రమే చేస్తున్నావని ఆమధ్య ఒక పెళ్లిలో ఎవరో అన్నారు. నిజమేనా? ఒక ఆటకు నాలుగు వందల మందీ, అందులో ఒకళ్లు మెట్లకా?

ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించకు. ఉప్పుకోట రోజుల్లో ఆటలు టేపు క్యాసెట్ల మీదే అమ్మేవాళ్లం, ఆవిడ నా దగ్గర వాటిని కాపీ చేసేది. ఆవిడ అజాగ్రత్త వల్ల జరిగినదానికి మాకు ముప్పై తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అంతకన్నా చెప్పను.

మామయ్య

*

మెట్ల విభాగం, మూడో అంతస్తు,
జనవరి 27

ఒక్కటే షరతని చెప్పి ఆరు పెట్టిన మామయ్యకు,

నమస్కారాలు. ఫోను ఎత్తరు, ఈమెయిలు చూడరు కాబట్టి కాగితం కోసం మా ఆఫీసంతా వెతికాను. నాలుగు వందల మందిలో పెన్ను ఉన్నది ఒక్క వాచ్‌మన్ దగ్గరే. ఆయన కాపలా మానేసి కూర్చోలేదు గానీ, పెన్ను ఇచ్చాడు.

అవును, మెట్లే. నవ్వండి. మా ఆటలో రాజుగారు మెట్లెక్కితే పాదం చీలమండ దాకా రాతిలో దిగిపోయేది. అది సరిచేస్తే గాల్లో తేలాడు. తేలడం సరిచేస్తే ఆయన అంగీ ఒక మెట్టు వెనకబడి ఒంటరిగా ఎక్కడం మొదలుపెట్టింది. ఆ అంగీని రాజుగారితో కలపడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. మీ ఉప్పుకోటలో మెట్లే లేవని గమనించాను. నేలమాళిగ నుంచి బురుజు మీదికి తెర మారిపోతుంది, అంతే. కష్టమైన పని వచ్చినప్పుడల్లా తెర మార్చేసి దాన్ని సృజన అంటే ఎలా మామయ్యా?

పసుపు నిచ్చెన విషయంలో మీతో గొడవ పడను. నాకూ ఒళ్లు మండుతుంది. కానీ మీ కాలం సంగతి కూడా చూశాను. పాత ఆటలు సేకరించే ఒకాయన దగ్గర ఆ ఏడాది వచ్చిన ఆటల జాబితా ఉంది. రెండు వందల పన్నెండు. వాటిలో నూట నలభై కింద నుంచి పైకి కాల్చేవి. ముప్పై ఒకటి చుక్కలు తినేవి. మీకు గుర్తున్నవి ఐదో ఆరో, అందుకే మీ కాలమంతా బంగారం. మా కాలం చెత్తను కూడా ఓ నలభై ఏళ్లు మర్చిపోనివ్వండి, మేమూ మెరుస్తాం. పోయినేడాది ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంట్లో కూర్చుని ఒక ఆట చేశారు. లిఫ్టు నడిపే ముసలాయన కథ. తలుపు ఎప్పుడు మూయాలన్నదే ఆట మొత్తం. ఆఖరి అంతస్తులో తలుపు మూయలేక నేను మీట మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయాను. డాక్టరుగారిని ఆడమనండి.

ఇప్పుడు అసలు గొడవ. ఆ సేకరించే ఆయన దగ్గర షాపులో అమ్మిన ఉప్పుకోట క్యాసెట్టు తెచ్చి మావాళ్లు పరీక్షించారు. మా దగ్గర తప్పుల చిట్టా అని ఒకటుంటుంది. అందులో మొదటి తప్పు ఇది: "పదిహేనుసార్లు అడ్డుకున్నాక కాపలావాడు విధులు మాని కూర్చుంటున్నాడు. కారణం తెలియదు. ప్రతిసారీ జరుగుతోంది. తీవ్రత ఎక్కువ. సరిచేయవలెను."

అరవకండి. నేను ఇప్పటికే అరిచాను. ఆ చిట్టా చూసే మేడం రాయికన్నా గట్టిది. ఆవిడ రూలు ఒక్కటే. చిట్టాలో "ఉద్దేశపూర్వకం" అని ఒక గడి, పక్కనే "ఎవరి ఉద్దేశం" అని ఇంకో గడి ఉంటాయి. ఆ రెండూ ఎవరైనా రాతపూర్వకంగా నింపితే తప్పు కొట్టేస్తారు. లేకపోతే కాపలావాడు నిలబడే ఉంటాడు. ఏప్రిల్ ఇరవైన మీటింగు. కాగితం నేనే చదివి వినిపించాలి.

మీ మాట రాసి పంపండి. మీ అసలు టేపు కూడా పంపండి, ఆ షాపు క్యాసెట్టు అరిగిపోయింది.

మేనకోడలు

*

మేడ మీది గది,
ఫిబ్రవరి 15

కోడలుపిల్లా,

మొదట మీ చిట్టా మేడంకు నా తరఫున ఒక ప్రశ్న. ఆవిడ ఎప్పుడైనా ఒక గుమ్మం దగ్గరికి పదహారుసార్లు వెళ్లిందా? పదిహేనుసార్లు మొహం మీద తలుపు వేయించుకుందా? వేయించుకుని ఉంటే ఆ కూర్చోవడం తప్పో ఒప్పో ఆవిడకు తెలిసేది. విధులు మాని కూర్చుంటున్నాడట! మీ ఆఫీసులో అలాంటివాళ్లు బోలెడుమంది ఉంటారు, వాళ్లను సరిచేయమను.

రెండు వందల పన్నెండులో నూట నలభై కాల్పుల ఆటలన్నావు. ఒప్పుకున్నాను. వాటిలో తొమ్మిది రాకెట్టుగాడివని మళ్లీ గుర్తుచేస్తున్నాను. లిఫ్టు ఆట డాక్టరుచేత ఆడించాను. మూడో అంతస్తులోనే కళ్లు తుడుచుకున్నాడు. నేను పక్కన కూర్చుని కిటికీలోంచి చూశాను. బాగానే ఉంది. ఇద్దరే చేశారు కాబట్టి బాగుంది. నా మాటే గెలిచింది.

ఇక నా రాతపూర్వకమైన మాట: "ఉప్పుకోట గుమ్మం వద్ద కాపలావాడు పదహారోసారి కూర్చోవడం నా ఉద్దేశపూర్వకమైన కల్పన. అధికారం ఎంత కఠినమైనదైనా పట్టుదల ముందు అలసిపోతుందన్న జీవితసత్యాన్ని ఏడు రోజులు ఆలోచించి ఆ రూపంలో చెప్పాను. అందులో ఒక్క చుక్క కూడా పొరపాటున పడినది కాదు." కింద సంతకం చేశాను. వేరే కాగితం మీద ఉంది, మడత పెట్టకుండా చూపించు.

అసలు టేపు, దానితో నా పని నోటుపుస్తకం పంపుతున్నాను. ఎవడైనా అనుమానపడితే ఆ పుస్తకం వాడి మొహాన కొట్టు. పంపేముందు తెరిచి చూడలేదు. చూడనక్కర్లేదు, ప్రతి అక్షరం నాకు కంఠతా వచ్చు.

మామయ్య

*

మెట్ల విభాగం, మూడో అంతస్తు,
మార్చి 6

ప్రతి అక్షరం కంఠతా వచ్చిన మామయ్యకు,

కూర్చుని చదవండి. కింద డాక్టరుగారు ఇంట్లో ఉన్న వేళ చూసి చదివితే ఇంకా మంచిది.

మీ టేపు చక్కగా పనిచేసింది. మా విభాగమంతా చుట్టూ చేరాం. గుమ్మం దగ్గరికి పదహారుసార్లు వెళ్లాను. కాపలావాడు కూర్చోలేదు. లెక్క తప్పానేమోనని మళ్లీ వెళ్లాను. నీడలు వేసే అబ్బాయి, "మీకు ఓపిక లేదు, నేను చూపిస్తా" అని మూడు వందల పన్నెండుసార్లు వెళ్లాడు. ఇప్పుడు అతనికి బొటనవేలు వంగడం లేదు. కాపలావాడు మాత్రం నిటారుగా ఉన్నాడు. షాపు క్యాసెట్టులో కూర్చునేవాడు మీ సొంత టేపులో ఎందుకు కూర్చోవడం లేదా అని అనుమానం వచ్చింది. మీరు చెప్పినట్టే నోటుపుస్తకం తెరిచాను. అది వచ్చి నా మొహానికే తగిలింది.

మీ చేతిరాత ఇది: "ఆగస్టు 14. కాపలావాడు పదహారోసారి కూర్చుండిపోతున్నాడు. అడ్డుకున్న లెక్క రాసే గడిలో పదిహేను వరకే చోటు. పదహారు అనగానే సున్నా అవుతోంది. సున్నా అంటే మొదటి తెర మీద వేసిన కూర్చున్న బొమ్మ. ఛీ! వెధవ తప్పు. సరిచేశాను. ఇక చచ్చినా కూర్చోడు."

ఏడు రోజుల జీవితసత్యం ఎక్కడా కనపడలేదు. ఆగస్టు 15 పేజీలో గొడుగు కొనాలి అని మాత్రం ఉంది.

మామయ్యా, నవ్వుతున్నాను గానీ నాకేమీ తేలిగ్గా లేదు. ఈ పుస్తకం ఎవరికీ చూపించలేదు. మీరు సరిచేసిన తర్వాత కూడా షాపులకు వెళ్లిన క్యాసెట్లలో వాడు కూర్చునే ఉన్నాడు. అదెలా జరిగింది? కాపీ చేసింది అమ్మేనని మీరే రాశారు. మీరన్న అజాగ్రత్త ఇదేనా?

మీరు సంతకం పెట్టిన కాగితం నా డ్రాయరులో ఉంది. అబద్ధమని తెలిశాక దాన్ని నేను నిలబడి చదవలేను.

మేనకోడలు

*

మేడ మీది గది,
మార్చి 12

ఆ రాత నాది కాదు. నోటుపుస్తకం వెంటనే తిరిగి పంపు. మీ అమ్మను ఏమీ అడగవద్దు.

*

మెట్ల విభాగం, మూడో అంతస్తు,
మార్చి 25

మామయ్యకు,

గొడుగు గీతతో సహా రాత మీదే. అమ్మను అడిగాను. మీరు వద్దన్న ఉత్తరం వచ్చేసరికి ఒక రోజు ఆలస్యమైంది. ముందే వచ్చినా అడిగేదాన్నే.

ఆగస్టు పేజీ చదివి వినిపిస్తే ముందు చాలాసేపు నవ్వింది. "చచ్చినా కూర్చోడు అని రాశాడా వాడు?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత కూరగాయలు తరుగుతూ చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆ గదిలో ఉన్నది ఒక్క కుర్చీనే. అందులో మీ మామయ్య కూర్చునేవాడు. నేను రెండు టేపురికార్డర్ల మధ్య పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి కాపీలు తీసేదాన్ని. ఒక కాపీ అయ్యేలోపు ఆట ఆడుకునేదాన్ని. ఓరోజు ఆ కాపలావాడు ఉన్నట్టుండి కూర్చున్నాడే! నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పోనీలే, ఈ గదిలో నిలబడ్డవాళ్లలో ఒకడైనా కూర్చున్నాడు అనుకున్నా. మర్నాడు మీ మామయ్య ఇంకో టేపు తెచ్చి, 'ఇదిగో, సరిచేశాను, ఇక దీన్ని కాపీ చెయ్' అన్నాడు. ఆడి చూశాను. వాడు కూర్చోలేదు. ఆ టేపు తీసి అలమారలో పెట్టేసి, మూడు వందలూ పాతదానిమీంచే తీశాను."

"పొరపాటున కాదా అమ్మా?" అన్నాను.

"మూడు వందలసార్లు పొరపాటు ఎవరైనా చేస్తారుటే? నాకు తెలిసే చేశాను. వాడు షాపులో చూసొచ్చి, నీకు బుర్ర లేదు, ఏ టేపు ఏదో కూడా తెలియదు, నా పని నాశనం చేశావు అని అరిచాడు. తెలిసే చేశానని చెప్పేలోపు చెయ్యి పట్టుకుని గుమ్మం బయట పెట్టాడు. సరే, బుర్ర లేనిదాన్ని బుర్ర లేనట్టే ఉండనీ అనుకున్నా."

తర్వాత పత్రికల్లో మీ దయ గురించి వచ్చిన వ్యాసాలన్నీ చదివిందట. "మరి నీకు కోపం రాలేదా?" అంటే, "వచ్చింది. కానీ వాడు కూర్చునే ఉన్నాడుగా" అంది. ఆ వాడు ఎవరో నేను అడగలేదు.

మామయ్యా, మీరు నిజం రాస్తే పేరు పోతుంది. రాయకపోతే కాపలావాడు లేచి నిలబడతాడు. ఏప్రిల్ ఇరవై దగ్గరపడింది. మీ పాత కాగితం నేను చదవను. కొత్తది పంపితే చదువుతాను.

మేనకోడలు

*

మేడ మీది గది,
ఏప్రిల్ 11

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నాలుగుసార్లు జవాబు రాశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో మీ చిట్టా మేడంను, మూడోదాంట్లో రాకెట్టును. నాలుగోదాంట్లో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

అజాగ్రత్త అనే అనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్లు అదే నమ్మాను. అలా నమ్మినంతకాలం నా మనసుకు హాయిగా ఉండేది. తప్పు చేసింది గడి, పంపింది అజాగ్రత్త. ఎవరూ కావాలని చేయలేదు కాబట్టి వచ్చిన పేరు దిక్కులేనిది. దిక్కులేనిదాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను, అంతే కదా అనుకునేవాణ్ని. ఆవిడను పంపించేసిన పది రోజులకు మొదటి వ్యాసం వచ్చింది. అరపేజీ. దయ అని రాశారు. అది చదివేదాకా వాడు కూర్చోవడం దయ అని నాకు తట్టలేదు. ఆ కాగితం పట్టుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్లాలని వీధి చివరిదాకా నడిచాను. అక్కడ ఆ పత్రిక అమ్మేవాడు "మీరేనా సార్ చేసింది?" అన్నాడు. అవునన్నాను. అవునన్నాక ముందుకు వెళ్లలేకపోయాను.

ఇప్పుడు ఆవిడ చూసింది, మెచ్చింది, ఎంచుకుంది అని రాశావు. నేను గడిని చూశాను, ఆవిడ మనిషిని చూసింది. సృజన అని నేను ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో అది ఆ గదిలో జరిగింది నిజమే. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. పాత ఆటల్లో ఉన్న ప్రాణం మీ ఆటల్లో లేదన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అయితే అది మా కాలంలో తప్పుల చిట్టా లేకపోవడం వల్ల అనుకుంటే నేను పప్పులో కాలేసినట్టే. ఉంది. దాన్ని రాసే మేడంను నేనే. చిట్టాలో నేను కొట్టేసినదాన్ని కొట్టేయనివ్వని మనిషి ఒకరు పక్కన ఉండటమే మా అదృష్టం. మీ నాలుగు వందల మందిలో అలాంటి ఒక్కరిని ఎక్కడ కూర్చోబెట్టారో వెతుకు. లేదా నువ్వే అలాంటిదానివయ్యుంటే, ఆ అంగీ ఒంటరిగా మెట్లెక్కడం ఎందుకు సరిచేశావే? నేను రెండు రోజులుగా నవ్వుకుంటున్నాను.

కొత్త కాగితం ఇది. పాతది చించెయ్.

"కాపలావాడు కూర్చోవడం ప్రోగ్రాములో వచ్చిన తప్పు. ఆ తప్పు చేసింది నేను. దాన్ని సరిచేసిందీ నేనే. సరిచేసిన టేపును పక్కన పెట్టి, కూర్చునే కాపలావాడిని ఎంచుకుని మూడు వందల క్యాసెట్లలో లోకానికి పంపింది మా అక్క. ఉద్దేశపూర్వకం: అవును. ఎవరి ఉద్దేశం: మా అక్కది. ఈ సంగతిలో ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ కొట్టేయవలెను. తీవ్రత ఎక్కువ."

మామయ్య

*

మెట్ల విభాగం, మూడో అంతస్తు,
ఏప్రిల్ 21

మామయ్యకు,

నిన్న చదివాను. చదువుతుంటే ఎవరూ ఫోను చూసుకోలేదు, మా ఆఫీసులో అది పెద్ద విషయం. చిట్టా మేడం కాగితం తీసుకుని తను కూడా ఒకసారి చదువుకుంది. "ఈవిడ నా దగ్గర పనిచేసి ఉంటే ఉద్యోగం పీకేసేదాన్ని" అంది. తర్వాత తప్పు కొట్టేసి సంతకం చేసింది. కాపలావాడు కూర్చుంటాడు.

ఒక చిక్కు వచ్చింది. మీ కాగితం ప్రకారం ఆట తయారుచేసింది ఇద్దరు. కాబట్టి అమ్మ సంతకం కూడా కావాలని లాయరు అంటున్నాడు. నెలాఖరు గడువు మారదు. ఇవాళ పొద్దున అమ్మకు మీ కాగితమూ, సంతకం పెట్టాల్సిన పదకొండు పేజీలూ ఇచ్చాను. కాగితం కళ్లజోడు పెట్టుకుని చదివింది, తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. పదకొండు పేజీలు మాత్రం తిరిగి నా చేతిలో పెట్టింది.

"అందరికీ తెలిసేలా రాశాడు, బాగుంది. నాకు చెప్పలేదుగా? నా మొహం చూసి అడగమను, అప్పుడు పెడతాను."

"ఆయన రాడమ్మా" అన్నాను.

"అయితే ఆటా రాదు" అంది.

నేను మధ్యలో ఇంకేమీ చేయలేను. తొమ్మిది రోజులున్నాయి.

మేనకోడలు

*

మేడ మీది గది,
ఏప్రిల్ 24

అమ్మాయీ,

ఆదివారం పొద్దున పదింటి బస్సుకు వస్తున్నాను. ఒక్క సంతకం పని, పది నిమిషాల్లో అయిపోతుందని మీ అమ్మకు చెప్పు.

రెండు జతల బట్టలు సర్దుకున్నాను.

మామయ్య